20 బైట్లు, బ్రౌన్ దొర

ఈసారి మన పత్రికలో పాతకాలపు ప్రముఖుల పేజీ రాసే వంతు నాది. ఏ కవి గురించో రాస్తానని మా క్లబ్ వాళ్ళు అనుకున్నారు. నేను మాత్రం చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ గురించి రాస్తున్నాను. ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం ముందు సెల్ఫీ దిగినవాళ్ళు మనలో చాలామంది ఉంటారు. నేనూ దిగాను. అప్పుడు నాకు ఆయన గురించి తెలిసింది ఒక్కటే, తెలుగు డిక్షనరీ రాసిన తెల్లదొర అని. పోయినేడాది ఒక డేటాబేస్ పోగొట్టుకున్నాక గానీ ఆయన జీవితం సరిగ్గా చదవలేదు.

ముందు ఆ సంగతి చెప్పేస్తాను, లేకపోతే ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నానో అర్థం కాదు.

మాది ఇల్లందు. మా పెద్దవాళ్ళు ఇప్పటికీ బొగ్గుట్ట అనే అంటారు. సింగరేణి కంపెనీ మొదటి బాయి తవ్విన ఊరు. మా తాత, ఆయన తోటివాళ్ళు బాయి దిగిన మనుషులు. వాళ్ళ మాటల్లో సగం మా క్లాసులో ఎవరికీ తెలియవు. మస్టరు, నాగా, తట్టా చెమ్మస్, సర్దారు, టబ్బు, డిప్పు... ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు కలిసిపోయి బాయి లోపలే పుట్టిన భాష అది. మినీ ప్రాజెక్టుకి ఏం చేద్దామా అని చూస్తుంటే నాకు ఇదే తట్టింది. ఈ మాటలన్నీ పోగేసి, ఒక్కోదానికి అర్థం, ఎవరు చెప్పారు, ఏ పనిలో వాడతారు అని రాసి వెబ్‌సైట్ పెడదామనుకున్నాను. మొదటి 200 మాటలు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. తర్వాత బద్ధకించి, పెద్దమనుషుల పక్కన కూర్చుని ఫోన్‌లో నేరుగా ఫారం నింపేశాను. అలా 600 దాటాయి.

అంతా ఆటోమేటిక్‌గా నడవాలని నా పట్టుదల. కోడ్ మార్చి ఒక్క కమాండ్ కొడితే సర్వర్ మీదికి వెళ్ళాలి, టేబుళ్ళు వాటంతటవే మారాలి, రాత్రి 12కి బ్యాకప్ దానంతటదే అవ్వాలి, 7 రోజులు దాటిన బ్యాకప్ ఫైళ్ళు చెరిగిపోవాలి. అన్నీ రాశాను. ఒకరోజు టెస్టింగ్ కోసం పెట్టుకున్న సెట్టింగుతో అసలు సర్వర్ మీద ఆ కమాండ్ కొట్టాను. అందులో మొదటి పనే టేబుళ్ళు చెరిపేసి కొత్తగా కట్టడం. రెండు సెకన్లలో అయిపోయింది. బ్యాకప్ ఉందిలే అనుకుని ఫోల్డర్ తెరిచాను. 7 ఫైళ్ళు ఉన్నాయి, ఒక్కోటీ 20 బైట్లు. అంతకు మూడు వారాల ముందు డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చాను, బ్యాకప్ స్క్రిప్టులో మార్చడం మరిచిపోయాను. లోపలికి వెళ్ళలేక డంప్ కమాండ్ ఫెయిల్ అవుతోంది. వెనక ఉన్న జిప్ కమాండ్ మాత్రం ఏమీ లేనిదాన్ని బుద్ధిగా కుదించి 20 బైట్ల ఫైలు చేసి పెడుతోంది. మంచి ఫైళ్ళన్నిటినీ నా స్క్రిప్టే వారం దాటిందని చెరిపేసింది. ఎర్రర్ వచ్చిందని సర్వర్ రోజూ మెయిల్ కూడా పంపింది. ఆ మెయిల్‌బాక్స్ నేను ఒక్కసారైనా తెరవలేదు.

నోట్‌బుక్‌లో ఉన్న 200 మాటలు మిగిలాయి. కాగితం మీద ఉన్నాయి కాబట్టి.

ఆ బాధలో ఉండగా మా తెలుగు సార్ బ్రౌన్ గురించి చదవమన్నారు. ఓదార్పుగా చెప్పారో, చురక వేశారో నాకు ఇప్పటికీ తెలియదు.

బ్రౌన్ 1798 నవంబర్ 10న కలకత్తాలో పుట్టారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతబోధకుడు, ఫోర్ట్ విలియం కాలేజీలో పెద్ద పదవి చేసినాయన. భాషల పిచ్చి ఇంట్లోనే ఉంది. చిన్నప్పుడే కొడుక్కి హీబ్రూ, అరబిక్, పారశీకం, హిందుస్తానీ నేర్పించారు. 1812లో తండ్రి పోయాక కుటుంబం ఇంగ్లండ్ వెళ్ళింది. అక్కడ హెయిలీబరీలో కంపెనీ ఉద్యోగానికి చదువుకుని, 1817 ఆగస్టులో మద్రాసులో దిగారు. అప్పటికి 18 ఏళ్ళు నిండి 19వ ఏడు నడుస్తోంది. మనం ఇంటర్ అయ్యి కాలేజీలో చేరే వయసు. తెలుగు ఒక్క ముక్క రాదు. కొత్తగా వచ్చిన ఉద్యోగులు స్థానిక భాషలు నేర్చుకోవాలని మద్రాసులో ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీ ఉండేది. అక్కడ వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు మొదలుపెట్టారు. పరీక్ష పాసై 1820లో కడప కలెక్టరు ఆఫీసులో సహాయకుడిగా చేరారు.

అప్పటికి ఆయన తెలుగు ఆఫీసు తెలుగే. అర్జీలు, పన్నులు, సాక్ష్యాలు, అంతవరకే. సాహిత్యం మీదికి ఆయన్ని తీసుకెళ్ళింది వేమన. అదీ విచిత్రంగా, మైసూరు ప్రాంతంలో ఉండి వచ్చిన ఫ్రెంచి పాదిరీ అబ్బే దుబాయ్ పుస్తకంలో వేమన ప్రస్తావన చూసి. తెలుగువాళ్ళ మధ్య నాలుగైదేళ్ళుగా ఉంటూ తెలుగు కవి పేరు ఒక ఫ్రెంచాయన పుస్తకంలో చూడాల్సి వచ్చిందన్నమాట. నవ్వుకునే ముందు మన సంగతి చూసుకోవాలి. నేను బ్రౌన్ పేరు విన్నది కూడా ఒక క్విజ్ పోటీలోనే.

వేమన పద్యాలు కావాలని అడిగితే పండితులు పెద్దగా పట్టించుకోలేదు. వేమన వాళ్ళ లెక్కలో కవి కాడు. ప్రతులు మాత్రం చాలా ఇళ్ళలో ఉన్నాయి. బ్రౌన్ వాటిని తెప్పించారు, కొన్నారు, నకళ్ళు రాయించారు. అప్పుడు అసలు సమస్య బయటపడింది. ఏ రెండు ప్రతులూ ఒకలా లేవు. ఒకదాంట్లో ఉన్న పద్యం ఇంకోదాంట్లో లేదు. ఉన్నా వరస వేరు, మాటలు వేరు. వేమన మకుటం తగిలించి ఎవరెవరో రాసిన పద్యాలు కూడా కలిసిపోయాయి. డేటాబేస్ చదివినవాళ్ళకి ఈ బాధ తెలుసు. ఒకే రికార్డు పది చోట్ల పది రకాలుగా ఉంటే ఏది అసలు?

దీనికి కారణం తాటాకు. తాటాకు మీద గంటంతో గీస్తారు. గీసిన గీతకి రంగు ఉండదు, దీపం మసి, ఆకు పసరు రుద్దితే అక్షరం కనబడుతుంది. చెదలు, పురుగు, తేమ, అగ్గి, అన్నీ దానికి శత్రువులే. కొన్ని తరాలకొకసారి కొత్త ఆకుల మీద మళ్ళీ రాయకపోతే పుస్తకం పోయినట్టే. అంటే మన నన్నయ దగ్గర్నుంచి అందరి కావ్యాలూ నకలుకి నకలు, దానికి మళ్ళీ నకలుగా వచ్చినవే. రాసేవాడు ఒక అక్షరం జారిస్తే ఆ తప్పు కింది ప్రతులన్నిటికీ పాకుతుంది. తప్పు ఉన్న డేటా రెప్లికాకి కూడా తప్పుగానే వెళ్ళినట్టు. రెప్లికా ఉంది కదా బ్యాకప్ ఎందుకు అని వాదించే మా సీనియర్ ఒకాయనకి ఈ తాటాకు ఉదాహరణ చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు, అది వేరే విషయం.

1829లో బ్రౌన్ వేమన పుస్తకం ఇంగ్లీషు అనువాదంతో సహా మద్రాసులో అచ్చయింది. పోగైన పద్యాల్లోంచి ఏరి 693 వేశారు. అంతటితో ఆపలేదు. ఇంకా ప్రతులు తెప్పిస్తూ, పోలుస్తూ, 1839లో వెయ్యికి పైగా పద్యాలతో రెండో కూర్పు తెచ్చారు. మధ్యలో 1827లో తెలుగు, సంస్కృత ఛందస్సు మీద ఒక పుస్తకం రాశారు. భాష మొదలుపెట్టి పదేళ్ళు కాకుండానే ఛందస్సు మీద పుస్తకం! నాకు ఇప్పటికీ యతిస్థానం వెతకాలంటే వేళ్ళు లెక్కపెట్టాలి.

ఇక్కడ ఆయన కనిపెట్టిన పద్ధతి గురించి కాస్త ఎక్కువ రాస్తాను, నాకు నచ్చింది అదే కాబట్టి.

ఒక కావ్యం తీసుకుంటే ముందు దొరికినన్ని ప్రతులు తెప్పించేవారు. కొని, అరువు తెచ్చి, నకలు రాయించి. వాటిలోంచి ఒకటి కాగితం మీద రాయించేవారు. రాత ఒక పక్క, ఎదురు పేజీ ఖాళీ. పద్యాలకి వరసగా అంకెలు వేయించేవారు. మనం ప్రైమరీ కీ అంటామే, అదే. తాటాకు పుస్తకంలో ఆకులకి అంకెలు ఉంటాయి గానీ ఆ అంకెలు ప్రతి ప్రతికీ మారిపోతాయి. పద్యానికి అంకె ఉంటే ఏ ప్రతిలో ఉన్నా ఆ పద్యాన్ని పట్టుకోవచ్చు. తర్వాత పండితులు ఆ కాగితం ప్రతిని మిగతా ప్రతులతో పోల్చి, తేడా ఉన్న చోటల్లా ఎదురు ఖాళీ పేజీలో పాఠాంతరం రాసేవారు. కొన్ని పుస్తకాలకి పది పన్నెండు ప్రతులు కూడా పోల్చారు. అన్నీ అయ్యాక ఏ పాఠం సరైందో తేల్చి శుద్ధప్రతి, అవసరమైన కావ్యాలకి పండితుల చేత వ్యాఖ్యానం, చివర బైండింగు.

ఈ పని బ్రౌన్ ఒక్కరూ చేయలేదు, చేయలేరు కూడా. ఉద్యోగం కలెక్టరాఫీసులో, కోర్టుల్లో. బదిలీలు ఆగవు. కడప, మచిలీపట్నం, రాజమండ్రి, గుంటూరు అని తిరుగుతూనే ఉన్నారు. అందుకే కడపలో తోటతో సహా ఒక బంగళా కొని, పండితుల్ని, లేఖకుల్ని జీతాలిచ్చి అక్కడ కూర్చోబెట్టారు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అన్నారు. దొర వేరే ఊళ్ళో ఉన్నా అక్కడ పని నడిచేది. ఉత్తరాల మీద పర్యవేక్షణ. ఆటోమేషన్ అంటే మెషీనే ఉండాలని లేదు కదా. ఎవరు ఏం చేయాలో, ఏ వరసలో చేయాలో, అయిందో లేదో ఎలా తెలుసుకోవాలో ముందే తేల్చి పెడితే మనిషి లేనప్పుడు కూడా పని జరుగుతుంది. నా స్క్రిప్టులో మొదటి రెండూ ఉన్నాయి. మూడోది ఉందనుకున్నాను.

ఆ పండితుల పేర్లు మనం చెప్పుకోవాలి. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య, ఇంకా ఎందరో. మనుచరిత్ర, వసుచరిత్రల వ్యాఖ్యానాల్లో అప్పయ్య గారి శ్రమ ఉంది. ట్యాంక్‌బండ్ మీద విగ్రహం ఒక్కరిదే ఉంది. బ్రౌన్‌ని మెచ్చుకుంటూనే ఇది నాకు కొంచెం గుచ్చుకుంటుంది. డబ్బు, పట్టుదల, పద్ధతి ఆయనవి. ఛందస్సు తప్పిన పాదాన్ని చెవితో పట్టుకున్న పాండిత్యం వీళ్ళది. ఆయన పండితుల మీద విసుక్కునేవారు కూడా, వాళ్ళు వాడుక తెలుగుని చిన్నచూపు చూస్తారని. ఆ తగాదాలో నేను బ్రౌన్ పక్షం. కానీ వాళ్ళు లేకపోతే బ్రౌన్ పుస్తకాలు లేవు.

జీతమంతా ఈ పనికే. చాలక అప్పులు. కడపలో, మచిలీపట్నంలో పేదపిల్లలకి ఉచిత బడులు కూడా పెట్టారు. పెళ్ళి చేసుకోలేదు.

1832-33లో గుంటూరు కరువు వచ్చింది. నందన నామ సంవత్సరం కాబట్టి నందన కరువు అని కూడా అంటారు. జిల్లాలో ఉన్న 5 లక్షల మందిలో 2 లక్షల దాకా చనిపోయారని అంచనాలున్నాయి. ఆ రోజుల్లో బ్రౌన్ గుంటూరులో పనిచేశారు, ఆకలితో ఉన్నవాళ్ళకి సాయం చేసే పనుల్లో దిగారు. నేను దీన్ని రెండు వాక్యాల్లో దాటేస్తున్నాను గానీ, ఆలోచించి చూడండి. ఒక కరువులో ఎన్ని తాటాకు కట్టలు దిక్కులేకుండా పోయి ఉంటాయి? వాటిని మళ్ళీ రాయాల్సిన మనుషులే పోయారు. పద్యాన్ని నోటికి చెప్పగలిగినవాడూ పోయాడు. మా ఊళ్ళో నేను పోగొట్టుకున్నది దానితో పోలిస్తే ఇసుక రేణువంత కూడా కాదు. కానీ జాతి ఒకటే.

అప్పులు, ఉద్యోగంలో చిక్కులు కలిసి 1835లో ఇంగ్లండ్ వెళ్ళారు. మూడేళ్ళు అక్కడే ఉన్నారు. వేరేవాళ్ళయితే అక్కడితో ఈ కథ అయిపోయేది. బ్రౌన్ లండన్‌లో కంపెనీ వారి ఇండియా హౌస్ గ్రంథాలయానికి వెళ్ళి, హోరేస్ హేమన్ విల్సన్ అనే పండితుడితో కలిసి దక్షిణ భారత భాషల పుస్తకాల పట్టిక తయారుచేసే పనిలో పడ్డారు. రెండు వేలకు పైగా రాతప్రతులు అక్కడ మూలుగుతున్నాయి. ఎవరో ఎప్పుడో మన ఊళ్ళలో పోగుచేసి ఓడెక్కించినవి. లండన్‌లో వాటిని చదవగలిగినవాళ్ళు ఎందరుంటారు? చదవగలిగిన మద్రాసులో అవి లేవు. బ్రౌన్ అధికారుల వెంటపడి వాటిని మద్రాసుకి తిరిగి పంపించే ఏర్పాటు చేయించారు.

ఇది చదివినప్పుడు నేను లేచి కాసేపు నడిచాను. బ్యాకప్ తీయడం అందరూ చేస్తారు. దాన్ని వెనక్కి తెచ్చి తెరిచి చూడడం ఎవరూ చేయరు. మనలాంటి పిల్లలే కాదు, పెద్ద కంపెనీలూ అంతే. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు రాత్రిపూట అలసిపోయి, పాడైన రెప్లికా సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లో డేటా చెరిపేశాడు. 300 జీబీ వరకు ఉన్న డేటాబేస్‌లో మిగిలింది 4.5 జీబీ. బ్యాకప్ కోసం వాళ్ళకి ఐదు దారులున్నాయి. ఆ రాత్రి ఒక్కటీ సరిగ్గా అక్కరకు రాలేదు. డంప్ తీసే ప్రోగ్రామ్ వెర్షన్ 9.2, డేటాబేస్ వెర్షన్ 9.6 కావడంతో డంప్ ఎన్నో రోజులుగా ఫెయిల్ అవుతోంది. ఫెయిల్ అయిందని చెప్పే మెయిళ్ళు కూడా ఎవరికీ చేరడం లేదు. చివరికి ఆ ఇంజనీరే 6 గంటల ముందు వేరే పనికోసం చేత్తో తీసిన కాపీ ఒకటి ఉండబట్టి బతికిపోయారు. ఆ కంపెనీ ఈ తప్పులన్నీ దాచకుండా ప్రపంచానికి చెప్పింది. అది చదివాక నా 20 బైట్ల గురించి ఇక్కడ రాయడానికి నాకూ ధైర్యం వచ్చింది.

మళ్ళీ బ్రౌన్ దగ్గరికి. 1838లో మద్రాసు వచ్చారు, ఈసారి ప్రభుత్వ పారశీక అనువాదకుడిగా. తర్వాత తెలుగు అనువాదకుడు, పోస్ట్‌మాస్టర్ జనరల్. ఊళ్ళు తిరిగే ఉద్యోగం తప్పింది కాబట్టి పని ఊపందుకుంది. 1840లో వ్యాకరణం వచ్చింది. వసుచరిత్ర, మనుచరిత్ర లాంటి కావ్యాలు వ్యాఖ్యానాలతో అచ్చయ్యాయి. అచ్చు అంటే ఒకేసారి వందల ఇళ్ళకి ఒకే పాఠం చేరడం. తాటాకుల కాలంలో వంద చోట్ల వంద రకాలుగా ఉన్న పుస్తకం అచ్చులో వంద చోట్లా ఒకటే. డిప్లాయ్‌మెంట్ అనే మాటకి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఈ కాలంలోనే ఇంకో పని చేశారు, దీని గురించి తక్కువ మంది మాట్లాడతారు. భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ కాలిన్ మెకంజీ, కావలి బొర్రయ్య, ఆయన సోదరుల సాయంతో ఊరూరా తిరిగి స్థానిక చరిత్రలు రాయించాడు. వాటినే కైఫీయతులు అంటాం. ఏ ఊరికి ఆ పేరెలా వచ్చింది, ఏ గుడి ఎవరు కట్టారు, ఏ చెరువు ఎవరు తవ్వించారు అన్నీ అందులో ఉంటాయి. 1821లో మెకంజీ చనిపోయాడు. 20 ఏళ్ళు గడిచేసరికి ఆ కాగితాలు పాడైపోవడం మొదలైంది. అవి బ్రౌన్ పోగుచేసినవి కావు, ఆయన బాధ్యతా కాదు. అయినా తెలుగు కైఫీయతులకి పదుల కొద్దీ సంపుటాల్లో నకళ్ళు రాయించారు. ఇవాళ మన చరిత్రకారులు లోకల్ రికార్డ్స్ అని ఉదహరించేవి ఆ నకళ్ళే. మూలం చెడిపోయిన చోట ఈ నకలే దిక్కు. కావ్యమైతే పది ఇళ్ళలో పది ప్రతులు ఉంటాయి, ఒకటి పోతే ఇంకోటి. కైఫీయతుకి ఒకటే ప్రతి. ఏ డేటాకి ఒకే ప్రతి ఉందో దాన్ని ముందు చూడాలని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఇక నిఘంటువు. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసు వేపేరిలో అచ్చయింది. దాని వెంటనే ఇంగ్లీషు–తెలుగు, 1854లో మిశ్రభాషా నిఘంటువు. అంతకుముందు నిఘంటువులు లేవని కాదు. మచిలీపట్నం మామిడి వెంకయ్య గారి ఆంధ్రదీపిక ఉంది, 1821లో వచ్చిన క్యాంబెల్ నిఘంటువు ఉంది. బ్రౌన్ చేసిన తేడా ఏంటంటే కావ్యాల్లో మాటలతో పాటు బజారులో, పొలంలో, కచేరీలో, ఇంట్లో ఆడవాళ్ళు మాట్లాడే మాటలు కూడా ఎక్కించారు. మాట ఎలా వాడతారో చూపించారు. ఇంతకాలం సరిచూసి పెట్టుకున్న ఆ శుద్ధప్రతులు ఇక్కడ పనికొచ్చాయి. పాఠం సరైందని తెలిస్తేనే కదా అందులోని మాటకి అర్థం రాయగలం. ముప్పై ఏళ్ళు చేసిన పనులన్నీ ఒకదాని మీద ఒకటి కట్టుకుంటూ వచ్చినవే.

మిశ్రభాషా నిఘంటువు అయితే నాకు సొంత ఇంటి పుస్తకంలా అనిపించింది. పారశీకం, హిందుస్తానీ, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చి కలిసిపోయిన మాటలు అందులో ఉంటాయి. వ్యాకరణం తెలిసినవాళ్ళు ఇవి తెలుగు మాటలే కావని పక్కన పెట్టేవి. బ్రౌన్ ఇల్లందు వైపు ఉద్యోగం చేయలేదు. మాది అప్పట్లో నిజాం రాజ్యం. మా దగ్గర బొగ్గు ఉందని డాక్టర్ విలియం కింగ్ 1871లో కనిపెట్టేనాటికి బ్రౌన్ లండన్‌లో ముసలాయన. ఇల్లందులో 1889లో బొగ్గు తవ్వడం మొదలయ్యేసరికి ఆయన చనిపోయి 5 ఏళ్ళు. బాయి మాటలు ఆయన వినే అవకాశమే లేదు. విని ఉంటే మా తాతని కూర్చోబెట్టి నాగా, మస్టరు అని అంకెలు వేసి రాయించుకునేవారని నా నమ్మకం.

1855లో పదవీ విరమణ చేసి ఇంగ్లండ్ వెళ్ళిపోయారు. పోయేముందే తన రాతప్రతుల్ని మద్రాసులోని సంస్థకి అప్పగించారు. వెంట తీసుకెళ్తే అవి కూడా ఇండియా హౌస్ అలమారాల్లో పడుండేవి. మెకంజీ సేకరణ, లండన్ నుంచి వచ్చినవి, బ్రౌన్‌వి, ఈ మూడూ కలిపే తర్వాత మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయం అయింది. లండన్‌లో కూడా ఊరికే కూర్చోలేదు. 1863లో కర్ణాటక ప్రాంతపు కాలనిర్ణయం మీద పుస్తకం తెచ్చారు. లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడిగా ఉన్నారు. తన సాహిత్య జీవితం గురించి రాసుకున్నారు. 1884 డిసెంబర్ 12న అక్కడే చనిపోయారు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో సమాధి ఉంది.

ఆయన చనిపోయాక కూడా పని నడిచింది. 1903లో నిఘంటువు రెండో కూర్పు వచ్చింది, దాన్ని సరిచూసినవాళ్ళలో కందుకూరి వీరేశలింగం గారు ఉన్నారు. 1970ల్లో బంగోరె అని పిలిచే బండి గోపాలరెడ్డి గారు బ్రౌన్ ఉత్తరాలు, కాగితాల వెంటపడి తిరిగారు. తిరుపతి వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆచార్య జి.ఎన్. రెడ్డి గారితో కలిసి 1978లో బ్రౌన్ ఆత్మకథని అచ్చు వేయించారు. కడపలో బ్రౌన్ బంగళా పాడుబడిపోతే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఊరూరా చందాలడిగి అదే స్థలంలో గ్రంథాలయం కట్టించారు. ఇప్పుడది భాషా పరిశోధన కేంద్రం. నిఘంటువేమో ఫోన్‌లో వెతుక్కోవచ్చు. షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళు ఆ 1903 కూర్పుని ఎక్కించారు, ఆంధ్రభారతిలోనూ ఉంది. మన హాస్టల్ వైఫైలో కూడా తెరుచుకుంటుంది, ఇంతకంటే గొప్ప సర్టిఫికెట్ ఉండదు.

దసరా సెలవులకి ఇల్లందు వెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ముందు నోట్‌బుక్, ఎడమ పేజీలో మాట, కుడి పేజీ ఖాళీ. ఒకే మాటకి ఇద్దరు ముగ్గురు వేరే అర్థం చెబితే ఆ ఖాళీ పేజీలో పేరుతో సహా రాస్తున్నాను. తట్టా చెమ్మస్ గురించే నలుగురు నాలుగు రకాలుగా చెప్పారు. సర్వర్ మీద బ్యాకప్ రాత్రి 12కే అవుతుంది. ఫైలు సైజు నిన్నటి కంటే తగ్గితే ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, పాత ఫైళ్ళు చెరపడం ఆగిపోతుంది. ఒక కాపీ హాస్టల్‌లో నా హార్డ్‌డిస్కులో, ఇంకోటి ఇంట్లో మా చెల్లి ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. ప్రతి ఆదివారం ఆ ఫైలుని ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించి, వరసలు లెక్కపెట్టి, ఏవో 10 మాటలు నోట్‌బుక్‌తో సరిచూస్తాను. పావుగంట పని. ఇది మాత్రం ఆటోమేట్ చేయలేదు, చేయాలని కూడా లేదు.

ఇప్పటికి 412 మాటలయ్యాయి. పోయినవాటిలో చాలా మళ్ళీ దొరికాయి. ఒక పెద్దాయన, మా తాతతో పాటు బాయి దిగినాయన, లోపల కప్పు కూలబోయే ముందు వచ్చే ఒక చప్పుడుకి పేరు చెప్పారు. చప్పుడు రకాన్ని బట్టి వాళ్ళు పరిగెత్తాలో, ఆగాలో తేల్చుకునేవాళ్ళట. అది ఫోన్‌లోనే రాశాను, నోట్‌బుక్‌లో లేదు. ఆయన సంక్రాంతికి ముందు పోయారు. మా తాతని అడిగితే ఆ చప్పుడు గుర్తుంది గానీ దాన్ని ఏమనేవాళ్ళో గుర్తు రావడం లేదన్నారు. 413వ వరసలో అర్థం రాసి పెట్టాను, మాట గడి ఖాళీగా ఉంది. మన కాలేజీలో కొత్తగూడెం, మణుగూరు, రామగుండం నుంచి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే, మీ ఇళ్ళలో బాయి దిగిన పెద్దవాళ్ళని ఒకసారి అడగండి.